తాగుతలేదు అనే మాట

పసిబిడ్డ బాగుందని పైకి చెప్పడమంటే మా అత్తగారి లెక్కలో ఆ బిడ్డ గొంతు పిసకడమే. ఈ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. వంట వచ్చా, కుట్టు వచ్చా, కోపం ఎక్కువా అని అన్నీ అడిగారు. అబద్ధాలాడటం వచ్చా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

మాది వికారాబాద్. అత్తగారిది తాండూరు. కందిపప్పు మిల్లు, నాపరాళ్లు పరిచిన పెద్ద ఇల్లు, పొద్దున లేస్తే వచ్చేపోయే చుట్టాలు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. సరిగ్గా అప్పుడే మా అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఆమెనే ఇంకొకరు లేపి కూర్చోబెట్టాలి, ఇక నన్నేం చూస్తుంది? అందుకని ఆసుపత్రి నుంచి బిడ్డను తీసుకుని నేరుగా తాండూరే వెళ్లాను. కడుపు మీద కుట్లు సలుపుతున్నా నా గర్వం నాకుంది. నా కూతురు పుట్టిన పూట నుంచే పాలకు ఎగబడేది. గుటకలు మింగుతుంటే పక్క మంచం వాళ్లకు వినబడేది.

ఇంట్లో అడుగుపెట్టానో లేదో పక్కింటామె చూడటానికి వచ్చింది. "పాలు తాగుతుందా?" అని అడిగింది. నేను మురిసిపోయి, "మస్తు తాగుతుంది చిన్నమ్మా, ఇడిస్తనే లేదు" అన్నాను. ఆమె వెనక నిలబడ్డ మా అత్తగారు కళ్లు పెద్దవి చేసింది, దగ్గింది, కొంగుతో నోరు మూసుకుని చూపించింది. ఆవిడకు దగ్గొచ్చిందనుకున్నాను. పక్కింటామె గడప దాటగానే నా మీద విరుచుకుపడింది.

"ఏం పిల్లవే నువ్వు? గామె చూపు ఎసొంటిదో ఎర్కనా? గామె మెచ్చుకున్న బర్రె తెల్లారి పాలియ్యలే. మస్తు తాగుతుంది అంటవా గామెతోని?"

"మరేమనాలె అత్తమ్మా?"

"తాగుతలేదు అనాలె. సన్నబడ్డది అనాలె. కడుపునొస్తుందేమో ఒకటే ఏడుస్తుంది అనాలె. గింత సదువుకున్నవ్, గిది తెల్వదా? మీ అమ్మ నేర్పలేదా?"

తర్వాత ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల మీద వేసింది. ఇల్లంతా ఘాటు. నేను దగ్గాను, ఆవిడ దగ్గింది, పసిది తుమ్మింది. తుమ్మగానే, "చూసినవా, ఎంత దిష్టి తగిలిందో!" అంది. మిరపపొగ ముక్కులోకి పోతే ఎవరైనా తుమ్ముతారని ఆ ఇంట్లో ఎవరికి చెప్పను?

దిష్టి భయం ఎవరికి లేదు? మా అమ్మ కూడా అరికాల్లో కాటుక చుక్క పెడుతుంది. అక్కడితో ఆగుతుంది. మా అత్తగారింట్లో అదొక నాటకం. వచ్చినవాళ్లు అడగాలి, మనం లేదనాలి, వాళ్లు అయ్యో అనాలి. అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. ఎదురుగా బిడ్డ బొద్దుగా, బుగ్గలు జారిపోతూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా "ఏందే, గిట్ల ఎండిపోయింది?" అంటేనే మర్యాద తెలిసిన మనిషి. ముద్దుగుంది అన్నవాళ్లకు మళ్లీ ఆ ఇంట్లో చాయ్ పుట్టదు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన చుట్టాలు "హాలు కుడితదేను?" అని కన్నడంలో అదే ప్రశ్న అడిగితే, "ఇల్లవ్వా, ఇల్ల" అని మా అత్తగారు తల అడ్డంగా ఊపేది. రెండు భాషల్లో ఒకే అబద్ధం. మొదటిసారి ఎవరో నా బిడ్డను చూసి "నల్లి లెక్కున్నది" అంటే నేను గదిలోకి వెళ్లి ఏడ్చాను. అది మెచ్చుకోలట!

నేను నీరసపడుతున్నానని మా ఆయన హైదరాబాద్ నుంచి ఒకామెను పిలిపించాడు. పసిపిల్లల్ని, బాలింతల్ని చూసుకోవడానికి ఇంటికి మనుషుల్ని పంపే ఏజెన్సీ ఒకటుందట. గులాబీరంగు కోటు, చేతికి తొడుగులు, పెట్టెనిండా తడి కాగితాలు, మెడలో ఫోటో ఉన్న బిళ్ల. సిస్టర్ అని పిలవాలట. నన్ను మమ్మీ అనేది, మా ఆయన్ను డాడీ అనేది. మా అత్తగారిని గ్రాండ్ మమ్మీ అంది. "గుండు మమ్మీయా? నాకేం జుట్టు లేదా?" అని ఆవిడ కొప్పు తడుముకుంది. ఆ ఇంట్లో నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

ఉన్న మాట చెప్పాలి కదా, సిస్టర్ చేతి పని మంచిదే. స్నానం చేయిస్తుంటే బిడ్డ ఏడ్చేది కాదు. దిండు ఎలా పెట్టుకుని కూర్చుంటే కుట్లు లాగవో చూపించింది. అంతవరకు వంక పెట్టను. వంకంతా ఆమె అడిగే తీరులో ఉంది. పాలిచ్చేదాన్ని నేను, నన్ను అడగదు. ఇంటి పెద్దను అడగాలని వాళ్లకు శిక్షణలో చెప్పారట. మొదటి రోజే మా అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "గ్రాండ్ మమ్మీ, బేబీ ఫీడింగ్ ఎలా ఉంది?" అంది. గులాబీ కోటు వేసుకున్నా బయటిమనిషి బయటిమనిషే. మా అత్తగారు నిట్టూర్చి, "ఏం ఫీడింగో ఏమో బిడ్డా, అస్సలు తాగుతలేదు. పురుగు లెక్కయింది" అంది.

సిస్టర్ నిజమే అనుకుంది. వెంటనే ఏజెన్సీకి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా వీడియోలో ఒక సలహాదారు ప్రత్యక్షమైంది. వెనకాల పచ్చటి కుండీలు, తెల్లటి గోడ, ముఖం మీద తరగని చిరునవ్వు.

"మామ్, మీరు చాలా ధైర్యవంతులు. పాలు రాకపోవడం మీ తప్పు కాదు" అంది.

ఆ నిమిషాన పాలు కారి నా జాకెట్టు తడిసి ముద్దయి ఉంది. "నాకు పాలు రాకపోవడమేంటండీ? మా అత్తమ్మ దిష్టికని అట్లంటది" అన్నాను.

ఆమె ఇంకా జాలిగా నవ్వింది. "ఒప్పుకోవడం కష్టమే మామ్. చాలామంది తల్లులు మొదట ఇలాగే కాదంటారు. ఒకసారి కళ్లు మూసుకోండి. ఒక నదిని ఊహించుకోండి. ఆ నది మీలో ప్రవహిస్తోంది."

నాకు తెలిసిన నది మా కాగ్నా ఒక్కటే. ఎండాకాలం దాంట్లో ఇసుక తప్ప ఏముంటుంది? ఆమెకేం తెలుసు! నేను కళ్లు మూసుకోకుండా ఫోనే మూసేశాను. పక్కనుంచి సిస్టర్ నా భుజం నిమురుతూ, "మమ్మీకి కొంచెం స్ట్రెస్ ఉంది" అని గాలికి చెప్పింది.

సాయంత్రం మా ఆయన ఏజెన్సీ వాళ్లకు ఫోన్ చేసి, ఇది మా ఇంటి అలవాటు, బిడ్డ నిక్షేపంగా తాగుతోందని నచ్చజెప్పాడు. దాంతో వాళ్లకు ఒక్కసారిగా జ్ఞానోదయం అయింది. "ఓ, ఇది మీ కల్చర్! మేం ప్రతి కుటుంబం కల్చర్‌ని గౌరవిస్తాం సర్" అన్నారు. ఎంత గౌరవించారంటే, మర్నాటి నుంచి సిస్టర్ మా అత్తగారి పక్షానికి మారిపోయింది. ఎవరైనా గుమ్మంలో కనబడితే చాలు, నాకంటే ముందు తనే ముఖం వేలాడేసి, "అస్సలు తాగట్లేదండీ" అనేది. మా అత్తగారికి పట్టలేని సంతోషం. "పట్నం పిల్ల అయినా గడియల పట్టేసింది. మా కోడలుకే ఇంకా వస్తలేదు" అని అందరికీ చెప్పుకునేది. వేలకు వేల మంది తల్లుల్ని చూశామనే కంపెనీ పంపిన మనిషి మా ఇంటికొచ్చి నేర్చుకున్న విద్య ఇది.

ఆ తర్వాత తొట్టెల పండుగ వచ్చింది. బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే రోజు. ముందుగదిలో తొట్టెలకు పూలు చుట్టారు, పెరట్లో వంటవాళ్లు పొయ్యిలు పెట్టారు. మర్పల్లి, కుల్కచర్ల, పూడూరు, సరిహద్దు అవతలి ఊళ్లు, అన్నిచోట్ల నుంచీ చుట్టాలు దిగారు. నన్ను పట్టుచీరలో మూటగట్టారు.

ఆ రోజు పొద్దున బిడ్డ రొమ్ము పట్టి వదిలేసింది. మళ్లీ పెట్టాను. పెదవులు కదపలేదు. కొంచెం ఆగి పాదం గిల్లి లేపి పెట్టాను. కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది. ఏడవలేదు. రోజూ ఆ వేళకు ఇల్లు ఎగరగొట్టే పిల్ల. నా రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి. దాని పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

సిస్టర్‌ని పిలిచాను. ఆమె తొడుగు తీయకుండానే నుదురు తాకి, "జ్వరం లేదు మమ్మీ. ఫంక్షన్ సందడికి అలసిపోయింది. చూడండి, ఏడవకుండా ఎంత గుడ్ బేబీగా ఉందో!" అని తొట్టెల దగ్గర పూలు సర్దడానికి వెళ్లిపోయింది. ఏడవని బిడ్డ మంచి బిడ్డ అట. నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే భయమేసింది.

బిడ్డను ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్లాను. మా అత్తగారు చుట్టాల మధ్య కూర్చుని తమలపాకులు తుడుస్తోంది.

"అత్తమ్మా, పొద్దట్నుంచి పాలు తాగుతలేదు" అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. లేచొచ్చి నా గడ్డం పుచ్చుకుంది. "గిప్పుడు నేర్సినవ్ బిడ్డా! చూసిండ్రా, మా కోడలు నేర్సింది!" అంది. అందరూ నవ్వారు.

"గట్ల కాదు అత్తమ్మా. నిజంగ తాగుతలేదు."

"ఆఁ ఆఁ, నిజంగనే, నిజంగనే" అని నాకు కన్నుకొట్టి మళ్లీ ఆకుల దగ్గరికి పోయింది. అవును మరి, నిజంగ అనే మాట కూడా ఆ నాటకంలోదే. ఆవిడ పక్కింటామెతో రోజూ "నిజంగ చెప్తున్న వదినా, చుక్క ముడ్తలేదు" అనే కదా చెప్పేది. నిజాన్ని కూడా వాడి వాడి అరగదీసి పెట్టారు. నాకేం మిగిల్చారు?

మా ఆయన పెరట్లో వంటవాళ్ల దగ్గర నిలబడి పప్పు రుచి చూస్తున్నాడు. పక్కకు పిలిచి చెప్పాను. "తాగుతలేదయ్యా. డాక్టర్ దగ్గరికి పోదాం పా."

అతను నవ్వాడు. "నాతోని గూడ చెప్పమన్నదా అమ్మ? గంత సిన్సియర్ గానా?"

"నవ్వకు. కాళ్లు సల్లగున్నయి."

"జర ఫికర్ చెయ్యకు. సిస్టర్ ఉంది గదా." అక్కడి నుంచే లోపలికి కేకేశాడు, "సిస్టర్, బేబీ ఓకేనా?" లోపలి నుంచి జవాబు, "ఓకే డాడీ!" అతను నా వైపు తిరిగి చూశావా అన్నట్టు చేతులు చాపాడు. ఇంతమంది మీద నమ్మకం పెట్టుకోగలిగిన మనిషికి పెళ్లాం ఒక్కదాని మీదే నమ్మకం చాలలేదు.

చివరికి ఏజెన్సీకి నేనే ఫోన్ చేశాను. ఆ చిరునవ్వుల సలహాదారే ఎత్తింది. "బిడ్డ పాలు తాగడం లేదండీ" అన్నాను, అచ్చమైన పుస్తకం తెలుగులో, పొరపాటు పడకూడదని. "తెలుసు మామ్, తెలుసు! ఈరోజు క్రేడిల్ సెరిమనీ కదా, సిస్టర్ చెప్పింది. మీ కల్చర్ చాలా బ్యూటిఫుల్. హాయిగా ఎంజాయ్ చేయండి" అని పెట్టేసింది. ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. చేతిలో బిడ్డ ఉండబట్టి ఆగాను.

ఒంటరిగా బయటపడి ఆటో ఎక్కుదామని గుమ్మం దాకా వెళ్లాను. "యాడికే బాలింతవు, ఎండల?" అని ఇద్దరు ముసలమ్మలు రెక్క పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి తొట్టెల ముందు పీట మీద కూర్చోబెట్టారు. ఇక వరస మొదలైంది. ఒక్కొక్కరే వస్తారు, బొట్టు పెడతారు, వంగి, "పాలు తాగుతుందా?" అంటారు. "తాగుతలేదు" అంటాను. "అయ్యో పాపం" అని నవ్వుకుంటూ తప్పుకుంటారు. తర్వాతి ఆమె వస్తుంది. "తాగుతలేదు." "అయ్యో." నా గొంతు వణుకుతుంటే, "ఎంత మంచిగ చెప్తుందో!" అని ఒకామె మెచ్చుకుంది కూడా. నా బిడ్డ ఒళ్లో చచ్చుబడి ఉంది. ఇంటినిండా ఆడవాళ్లు, అందులో సగంమంది పిల్లల్ని కన్నవాళ్లు. ఒక్కరికీ చెప్పలేకపోతున్నాను. అంత దిక్కులేనితనం నేనెప్పుడూ ఎరగను. కానీ కోపం అంతకంటే ఎక్కువుంది. ఆ కోపంలోనే నాకు తోచింది.

లేచి నిలబడ్డాను. బిడ్డ మీది గుడ్డ తీసేశాను. చీర కొంగుతో దాని బుగ్గ మీది కాటుక చుక్క తుడిచేశాను. రెండు చేతులతో పైకెత్తి ఇల్లంతా వినబడేట్టు అరిచాను.

"అందరు ఇటు చూడుండ్రి! నా బిడ్డ బంగారం! ఎంత ముద్దుగుందో, ఎంత బొద్దుగుందో చూడుండ్రి! మస్తు పాలు తాగుతుంది! మస్తు నిద్రపోతుంది! గిసొంటి బిడ్డ తాండూర్ల ఎవ్వరింట్ల లేదు!"

ఫోటోలు తీసేవాడు కెమెరా దించాడు. ఒక ముసలమ్మ చెవులు మూసుకుంది. వంటింట్లోంచి మా అత్తగారు పరుగెత్తుకొచ్చింది. ఆవిడ పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు.

"నోరు ముయ్యే! పిచ్చి లేసిందా నీకు? గింతమంది ముంగట..." అంటూ నా చేతుల్లోంచి బిడ్డను లాక్కుని కొంగు కింద దాచేసింది. నేను వదిలేశాను. నాక్కావలసింది అదే. ఎట్లాగైనా ఆవిడ ఒక్కసారి దాన్ని చేతుల్లోకి తీసుకోవాలి. పొద్దుటి నుంచి పనుల్లో పడి ఆవిడ దాన్ని ఎత్తుకోనే లేదు.

తిట్టు సగంలో ఆగిపోయింది. కొంగు తీసింది. పాదాలు పట్టుకుని చూసింది. బిడ్డ నోట్లో వేలు పెట్టింది. బిడ్డ వేలు చీకలేదు.

"ఇదేందే... గిట్ల సల్లగున్నదేందే? పట్టుకుంటలేదేందే?"

"గదే చెప్తున్న అత్తమ్మా. పొద్దట్నుంచి అందరికి గదే చెప్తున్న."

ఆవిడ నా ముఖంలోకి చూసిన చూపు నేను మర్చిపోను. తర్వాత కొడుకును పేరు పెట్టి ఎంత గట్టిగా కేక వేసిందంటే, పెరట్లో అతని చేతిలో గరిటె కింద పడిన చప్పుడు లోపలికి వినబడింది.

తాండూరులో పిల్లల డాక్టరు చూసీ చూడగానే సూది వేసి, ఆలస్యం చేయకుండా వికారాబాద్ తీసుకెళ్లమన్నాడు. కారు మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, డైపర్ల సంచీ మర్చిపోయామని, తననూ ఎక్కించుకోమని సిస్టర్ చేయెత్తింది. మా ఆయన ఆపలేదు. ఆ రోజు అతను చేసిన మొదటి మంచిపని అది. అనంతగిరి మలుపుల్లో కారు ఊగుతుంటే మా అత్తగారు బిడ్డను రొమ్ముకు అదుముకుని కూర్చుంది. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయంగా ఉంది.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. అద్దాల పెట్టెలో పెట్టారు, ముక్కులోకి సన్నటి గొట్టం వేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే అని డాక్టరు మొదలుపెట్టిన వాక్యాన్ని నేను పూర్తి చేయనివ్వలేదు. ఆ రోజుల్లోనే నా ఫోన్‌కి ఏజెన్సీ నుంచి ఒక సందేశం వచ్చింది. మా సేవలు మీకు నచ్చాయా, ఐదు చుక్కలు ఇవ్వండి అని. మా అత్తగారు పెట్టే చుక్కే నయం, కనీసం దాన్ని కాటుకతో పెడుతుంది.

గొట్టం తీసి, మళ్లీ నా దగ్గర పట్టించడం మొదలుపెట్టాక, ఒక పొద్దున డాక్టరు వార్డులోకి వచ్చాడు. మంచాల నిండా తల్లులు, వాళ్ల తల్లులు, చూడటానికి వచ్చినవాళ్లు. అందరి కళ్లూ మా మీదే. డాక్టరు బిడ్డ కళ్లు చూసి, పొట్ట నొక్కి, "పాలు తాగుతుందా?" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. కావాలనే విప్పలేదు. మా అత్తగారి వైపు చూశాను.

ఆవిడ చుట్టూ చూసింది. పరాయి ఆడవాళ్లు, ఎసొంటి చూపులో తెలియని కళ్లు. పెదవులు "తాగు" దాకా వచ్చి ఆగిపోయాయి. డాక్టరు తలెత్తాడు.

"తాగుతుంది సారూ" అంది, తనకే వినబడనంత మెల్లగా.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు. తాగుతుందా, లేదా?"

"తాగుతుంది!" ఆవిడ అరిచినంత పని చేసింది. వార్డంతా తిరిగి చూసింది. "మంచిగ తాగుతుంది సారూ! మస్తు తాగుతుంది!"

డాక్టరు సరేనని పక్క మంచానికి వెళ్లిపోయాడు. ఆయనకేం, రోజూ వినే మాటే. మా అత్తగారు మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నా కోపం ఇంకా పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బిడ్డను మాత్రం తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. దాని బుగ్గ మీద చుక్క లేదు. ఆవిడ కాటుక అడగలేదు.